పెద్దమ్మ ముక్కు

గుయ్‌యూ సందుల్లో మా పెద్దమ్మ సుయ్‌లాన్ ముక్కుకి
రోజుకి నలభై యువాన్ల కూలి.

పగిలిన మానిటర్ పెంకు అంచుకి లైటర్ ముట్టించి
ఉఫ్‌మని ఆర్పి
ఆ పొగని ఒక్క గుక్క పీల్చేది.
తియ్యగా తగిలితే ఏబీఎస్, ఎడమ బుట్ట.
జుట్టు కమురు కొడితే నైలాన్, వెనక బుట్ట.
కళ్ళు మండి నీళ్ళు కారితే పీవీసీ.
దానికి బుట్ట లేదు. కాలవ గట్టే.

ఇరవై రెండేళ్ళు
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు
ఎవరెవరో పారేసిన డబ్బాలన్నీ ఏరింది.
పక్క కొట్లవాళ్ళు ఆ ముక్కుని పూటకి అరువడిగేవాళ్ళు.
తాగే నీళ్ళు మాత్రం
మేం ట్యాంకర్ దగ్గర బిందె లెక్కన కొనుక్కునేవాళ్ళం.
మా బావి నీళ్ళు కాస్తే
గిన్నె అడుగున నల్లగా ఏదో అట్టకట్టేది.

తర్వాత ఊరి బయట కొత్త షెడ్డు లేచింది.
పొగని లాక్కునే గొట్టాలు, చేతులకి తొడుగులు,
పెంకు మీద ఆనిస్తే పేరు చెప్పే తుపాకీలాంటి యంత్రం.
మొదటి రోజు ఇంజినీరు కుర్రాడు సరదాకి
పెద్దమ్మకీ యంత్రానికీ పోటీ పెట్టాడు.
తొమ్మిది ముక్కలు.
అది కూసేలోపే ఎనిమిదింటి పేర్లు చెప్పేసింది.
కుర్రాడు ముక్కున వేలేసుకున్నాడు.
తొమ్మిదోదాన్ని రెండుసార్లు కాల్చి,
చాలాసేపు ఆగి,
"ఇది ఏమీ కాదు" అంది.
ఆ మాట ఎవరికీ పట్టలేదు, చప్పట్లలో.

ఆ సాయంత్రం పెద్దనాన్న టీ కాచాడు.
ఫీనిక్స్ కొండ మీది ఆకు, పండగలకే తీసే డబ్బా.
మూత కదిపితే మూడిళ్ళ అవతలివాళ్ళు తొంగిచూస్తారు.
చిట్టి కప్పులో పోసి చేతికిచ్చాడు.
ముక్కు దగ్గర పెట్టుకుంది.
పెట్టుకునే ఉంది.
"వేన్నీళ్ళు ఇచ్చావేం?" అంది.

ఇప్పుడా షెడ్డులో నేను పని చేస్తున్నాను.
బోర్డుల్లోంచి రాగి వస్తుంది, తగరం వస్తుంది,
బస్తాలకి బస్తాలు విప్పితే గోరంత బంగారం.
ఏ కొండా తవ్వకుండానే.
మీ సొరుగుల్లో నిద్రపోతున్న ఫోన్లు పంపండి,
విప్పడం మాకు సిగ్గుపడే పని కాదు.
కాకపోతే ఇచ్చేముందు ఒక్క మాట అడగండి,
విప్పేది చేత్తోనా, ఊపిరితోనా అని.

నిన్న మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి
పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.
అలవాటు కొద్దీ గట్టిగా గాలి పీల్చి
"ఏం వాసనొస్తోందే ఇక్కడ?" అని అడిగింది.
"ఏ వాసనా లేదు పెద్దమ్మా."
"ఏ వాసనా లేదా?"
మళ్ళీ అడిగింది,
సంతలో ఎవరో మరీ చవక ధర చెప్పినట్టు.