చచ్చిన ఆవు పాలు

మా నేల అడుగున ఉన్న రాతిపొర పేరు
చచ్చిన ఆవు.
ఎవరు పెట్టారో తెలీదు.
ఆన్యేలోలో మనిషికో కథ చెబుతారు.

పైన ముళ్లపొదలు, మేకలు, గాలి.
ఆ గాలికి అన్నం మెతుకులోనూ ఇసుకే.
మూడువేల మీటర్ల కింద
ఆవు చేపిందని పేపర్లో పడిన ఏడాది
నేను కోళ్లగూడు కడిగాను.

సున్నం కొట్టి నాలుగు మంచాలు దింపాను.
నాలుగు మంచాలకి ఎనిమిది మంది.
పగటి షిఫ్టు వాడు లేస్తే
రాత్రి షిఫ్టు వాడు వాలేవాడు,
దుప్పటి చల్లారేది కాదు.
సాల్తా నుంచి, మెందోసా నుంచి వచ్చినవాళ్లు.
బూట్లు గుమ్మం బయటే విప్పేవాళ్లు.
ఒకడు నిద్రలోనూ వాల్వు తిప్పేవాడు.

ముందుగదిలో ఆరేళ్లుగా గ్రిసెల్దా టీచరు.
అద్దె సంగతి చెప్పడానికి
మాతే కాచి పట్టుకెళ్లాను.
గొట్టం నోట్లో ఉండగానే అంకె వింది.
అది ఆమె జీతం కన్నా ఎక్కువ.
"నేను చెప్పేది లెక్కలే కదా, నెలీదా"
అని గిన్నె తిరిగిచ్చింది.
శనివారం ఆమె తెల్లకోటు
హ్యాంగరుతో సహా బస్సెక్కింది.

నేనొక్కదాన్నేనా?
ఫక్కూందో రొట్టె ధర
పొద్దున రాసి సాయంత్రం చెరిపేవాడు.
ఆసుపత్రి నర్సు నీళ్ల లారీ తోలడానికి పోయింది,
మూడింతల జీతం.
కింది లోయలో పియర్ కాయలు
కోసే చేతుల్లేక చెట్టు మీదే మెత్తబడ్డాయి.
మేకల దారికి అడ్డంగా పైపు వేయనిచ్చి
ఎవారిస్తో పికప్పు కొన్నాడు.
ఊట ఎండాక
మేకలకి నీళ్లు మోస్తున్నది ఆ పికప్పులోనే.

తర్వాత ఎక్కడో
మేమెరగని సముద్రాల అవతల పీపా ధర పడింది.
నాకు తెలిసింది రేడియోలో కాదు,
గుమ్మం బయట బూట్లు చూసి.
ఎనిమిది జతలు. ఐదు. ఒకటి.
ఆ ఒకటీ ఎవడో మర్చిపోయినది.

మేడ మీద గదికని లేపిన ఇనుపచువ్వలు
తుప్పు పడుతూ ఆకాశంలోకి నిలబడ్డాయి.
వాటి మీద అప్పు మాత్రం తుప్పు పట్టదు.
కోళ్లని మళ్లీ తెద్దామని
పిల్లల ధర అడిగాను.
ఎక్కిన ధర దిగే మెట్లు మర్చిపోయింది.

ఇప్పుడు క్లబ్బులో ఎవరు కూర్చున్నా
చచ్చిన ఆవు కుండెడు పాలిచ్చేదనే మాటే.
మార్చిలో మళ్లీ చేపుతుందట.
నేనూ తలూపుతాను.
పిండిన చేతులు నావీ ఉన్నాయి కదా.

బళ్లో నాలుగో తరగతికి టీచరు లేదు.
మా మనవరాలు ఐలెన్
వంటింటి బల్ల మీద ఎక్కాలు రాస్తూ
"ఏడెనిమిదులు ఎంత, అవ్వా?" అంటుంది.
యాభయ్యారు, తడుముకోకుండా చెప్పాను.
ఎనిమిది మంది, ఏడు రాత్రులు.
అదొక్కటీ నాకు నోటికొచ్చు.

"తొమ్మిదో ఎక్కం?"
దానికి పెన్సిలు చెక్కిస్తూ కూర్చున్నాను.