ఒక్క పేజీ ముందు

మంగళవారం, రెండుంబావు.
నాకొచ్చిన ఫ్రెంచి
నిన్న రాత్రి గిన్నెలు కడుగుతూ సీడీలో విన్నంత.
పిల్లలకంటే ఒక్క పేజీ ముందు నడుస్తాను
లాంతరు పట్టుకున్న మనిషిలా.
దారి నాకూ తెలీదన్న సంగతి
లాంతరుకు మాత్రం తెలుసు.

హార్టిల్‌పూల్‌లో కిటికీ తెరిస్తే చేపల వాసన,
మూస్తే తడి కోట్ల వాసన.
గోడ మీద ఈఫిల్ టవరు,
దాని పక్కనే చెమ్మకి ఉబ్బిన మరక.
పోయిన వారం సంస్కృతి పేరిట
రొట్టెముక్కలూ జున్నూ పంచాను.
కీలీ మూడు తిని నాలుగోది జేబులో వేసుకుంది.
పాఠం బాగానే ఎక్కిందనుకున్నాను.

ఇవాళ తు, వూ.
ఎదుటి మనిషిని పిలవడానికి రెండు మాటలు.
నా పిల్లల భాషలో ఉన్నది ఒక్కటే,
రాజుకీ కుక్కకీ అప్పులవాడికీ అదే.
"చనువుంటే తు, గౌరవముంటే వూ" అన్నాను.
"రెండూ ఉంటే?" అంది కీలీ.
పేజీ తిప్పాను.
అక్కడ పిల్లి బొమ్మ ఉంది.

సరే, ఓట్లు పెట్టాం.
రోడ్డు దాటించే గార్బట్ గారికి వూ, ఏకగ్రీవం.
వంటగది డోరీన్‌కి తు,
అడిగితే రెండోసారి వడ్డిస్తుంది కనుక.
బడి తాళాలు చూసే ఆయన ముసలి కుక్క దగ్గర
వాదన ముదిరింది.
పళ్ళన్నీ ఊడిపోయాయి, పాపం, వూ.

అప్పుడు కార్బిన్, ఎన్నడూ చెయ్యెత్తనివాడు,
"మిస్, మరి సముద్రానికి?"

వాళ్ళ నాన్న పీతల పడవ
వీడు నిద్ర లేవకముందే వెళ్ళిపోతుంది.

క్లాసంతా కిటికీ వైపు తిరిగింది.
బూడిదరంగులో అది తన పని తాను చేసుకుంటోంది.
నా దగ్గర పేజీలు అయిపోయాయి.

వెనక బల్ల నుంచి ఒక గొంతు.
ఏడు వారాల్లో మేం వినని గొంతు.
ఫురాహా.
బుకావు అని ఊరి పేరు రాశాను రిజిస్టర్లో.
'వచ్చిన భాషలు' అన్న గడి
ఖాళీగా వదిలేసిందీ నేనే.

"దాటుతున్నప్పుడు వూ" అంది, ఫ్రెంచిలో.
"రాత్రంతా అమ్మ దాన్ని వూ అనే బతిమాలింది.
ఒడ్డు తగిలాక
తు అని తిట్టింది."

ఆ క్రియలు నా పుస్తకానికి చాలా దూరపువి.
సగం చెవులతో విన్నాను,
సగం ఆ పిల్ల చేతుల్లో చూశాను,
నాకందినంత ఇంగ్లీషులో చెప్పాను.
ఎవరూ నవ్వలేదు.
కార్బిన్ తలూపాడు, లెక్క సరిపోయినట్టు.
"మా నాన్న కూడా అంతే."

తర్వాత నా 'ర'ని దిద్దింది.
సీడీలో అది గొంతులో గరగరలాడుతుంది.
ఫురాహా నోట్లో నాలుక కొసన దొర్లింది,
అలకింద గులకరాయిలా.
"ఏది కరెక్టు, మిస్?"
టవరు వైపు చూశాను.
అదేం పలకలేదు.
పిల్లలు మాత్రం అప్పటికే
గులకరాళ్ళు దొర్లించడం మొదలుపెట్టారు,
కీలీ నోటి నిండా జున్నుతో సహా.

ఇంటి గంట కొట్టారు.
ఫురాహా కోటు జిప్పు ఇరుక్కుంది.
మోకాళ్ళ మీద కూర్చుని లాగుతున్నాను.
అడగాల్సినవి ఉన్నాయి:
అక్కడి సరస్సులో చేపల పేర్లు,
వాళ్ళమ్మ ఇప్పుడు ఏ భాషలో నిద్రపోతోందో.
పుస్తకం ప్రకారం ఎనిమిదేళ్ళ పిల్లని తు అనాలి.
వాక్యం పెదాల దాకా వచ్చి ఆగింది.
జిప్పు ఇంకా రాలేదు.
ఏ మాటతో మొదలుపెట్టాలో తేల్చుకోలేక
అలాగే కూర్చున్నాను,
ఒక్క పేజీ వెనక.