ఖాళీ గడి

కలేటా తెపూలో ఉన్నది ఒకే ఒక్క అంబులెన్స్.
దాని ఎడమ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు.
పెద్దాసుపత్రికి నాలుగు గంటల దారి,
అదీ వాన లేని రోజున,
వాన లేని రోజంటూ మా దక్షిణ చిలీలో ఉంటే.

బడి ఆటల హాల్లో కట్టెల పొయ్యి చుట్టూ చేరాం.
మాతే గిన్నె చేతులు మారుతోంది.
ఊరి నర్సుని, సుద్దముక్క నా చేతికే ఇచ్చారు.
రాశాను: ఏ బండి, ఎవరిది,
ఎందరు కూర్చోవచ్చు, ఎందరు పడుకోవచ్చు,
తాళంచెవి ఎక్కడుంటుంది.

చివరి ప్రశ్న దగ్గరే రాత్రి పది దాటింది.
నోల్బెర్తో చేపల లారీ తాళం
పెళ్ళానికి కూడా తెలియని చోట ఉంటుందట.
"ఇప్పుడు చెప్పక తప్పదు" అన్నాను.
గొణుగుతూ చెప్పాడు, పిండి డబ్బా వెనక.
ఆమె పడీపడీ నవ్వింది:
పదకొండేళ్ళుగా ఆ డబ్బా తుడుస్తున్నది తనే.

బడి బస్సులో ఇరవై రెండు సీట్లు.
సీట్లు ఊడదీస్తే ఎనిమిది స్ట్రెచర్లు.
ఊడదీయడానికి పదమూడు నంబరు పానా,
అది ఫెర్మిన్ దగ్గరుంది,
ఫెర్మిన్ వేటకి పోతే ఎవరి దగ్గరా లేదు.
వంతెన కొట్టుకుపోతే పడవే గతి.
"నీరు తీసిన వేళ నన్ను లెక్కలోంచి కొట్టేయండి"
అంది పడవ నడిపే ఎదువీహెస్.
కొట్టేయలేదు. పక్కన ఆటుపోట్ల వేళలు రాశాను.

అప్పుడు వెనక బెంచీలోంచి
రొసామెల్ చెయ్యెత్తాడు.
"నాదీ రాయండి.
పొడవుంది. స్ప్రింగులు మెత్తన.
కాళ్ళు బారచాపి ఒకరు పడుకోవచ్చు."
పొయ్యిలో తడి కట్టె చిటపటమంది.
ఊళ్ళో శవాల బండి అతనిదే.
ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.
ఎనభై దాటిన ఔరిస్తేలా ముక్కు తుడుచుకుని,
"ఎలాగూ ఎక్కేదేగా నాయనా,
ఒక్కసారి రానూపోనూ టిక్కెట్టు మీద ఎక్కుతాను" అంది.
నవ్వు ఆగాక రాశాను:
రొసామెల్, ఒకరు, తాళం బండికే.

శనివారం కసరత్తు.
కొండ మలుపులో బస్సు బోల్తా పడిందనుకున్నాం.
ముప్పై ఒక్క మంది పిల్లలు,
చొక్కాల నిండా బీట్‌రూట్ రసం,
మెడల్లో రంగు చీటీలు.
ఎరుపు ముందు, పసుపు తర్వాత,
ఆకుపచ్చ నడిచి వస్తుంది.
ఎర్రచీటీలు పంతొమ్మిది నిమిషాల్లో కదిలాయి.
ఆకుపచ్చలు చేపల లారీలో
వాసనకి ముక్కులు మూసుకుని అరుస్తూ పోయారు.
నా గడియారం నన్ను మెచ్చుకుంది.

మైదానం ఖాళీ అయిందనుకుని
పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాను.
గోల్ స్తంభం దగ్గర తడి గడ్డిలో
రాయెన్ ఇంకా పడుకునే ఉంది.
తొమ్మిదేళ్ళు. నల్ల చీటీ.
కదలొద్దన్నాం, కదల్లేదు.
కనురెప్పల మీద వాన నిలిచింది.

"లేమ్మా, అయిపోయింది."
"నా బండి ఏది?"
నల్ల చీటీ అంటే ఏమిటో చెప్పబోయాను.
తెలుసులే అన్నట్టు చెయ్యూపింది.
"బండి రాదని టీచర్ చెప్పింది.
కానీ ఎవరో ఒకరు ఉంటారనుకున్నా."

కాగితం తడిసి ముద్దయింది.
నలుపు ఎదురుగా బండి గడిలో ఒక గీత.
మనిషి గడిలోనూ గీతే.
ఆ రెండో గీత గీసింది నేనే,
రెండూ ఒకటేనన్నట్టు, ఒకే ఊపులో.

దాని పక్కన కూర్చున్నాను.
చలిగా ఉంది.
చాలాసేపు అది నా బూటు లేసుతో ఆడుకుంది.

మంగళవారం మళ్ళీ నల్లబల్ల.
కొత్త వరుస గీసి అడిగాను:
ఎవరు ఉండిపోతారు?
బండి నడపక్కర్లేదు, మోయక్కర్లేదు.
మొదట ఎవరూ పలకలేదు.
"కూర్చోవడం నాకొచ్చు" అంది ఔరిస్తేలా.
రొసామెల్ టోపీ తీశాడు.
"బండి మా మేనల్లుడు తోలుతాడు.
నన్నూ అక్కడే రాయండి."

రాశాను. ఇద్దరి పేర్ల పక్కన
ఇంకో చిన్న గడి గీశాను:
గొడుగులు ఎన్ని.