కొమ్ము వంపు

పర్లాకిమిడి కాలేజీలో
దవాఖానా అని బోర్డున్న చిన్న గది నాది.
ఒక మంచం, మనుషుల్ని తూచే మిషను,
వేడినీళ్ళ రబ్బరు సంచి, ఒక రిజిస్టరు.

పాతపట్నం నుంచి కొత్తగా వచ్చిన లెక్కల మేష్టారు
నా దగ్గర టీ తాగుతుంటే
సుశ్రీ పాణిగ్రాహి గుమ్మంలో నిలబడి
"ముండొ బింధుచి" అంది.
మేష్టారి చేతిలో గ్లాసు తొణికింది.
తిట్టు కాదండీ, ఒడియాలో తలనొప్పి అన్నాను.
ఆయన నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు.
దానికి రాత్రి మూడింటి దాకా నిద్ర లేదు.

రిజిస్టరు పాత పేజీల్లో
మలేరియా, తేలుకాటు, బంతాటలో బెణికిన మడమ.
ఇప్పుడు మెడ. మెడ. కళ్ళమంట.
బొటనవేలు మొదట్లో సలుపు.
చిటికెనవేలికి సొట్ట, దీనికి పేరేం రాయాలో తెలీక
సొట్ట అనే రాశాను.

మా నాన్న కొమ్ముపని మనిషి.
గేదెకొమ్ముని బొగ్గుల మీద కాచి
మెత్తబడ్డాక బొటనవేలితో నొక్కి
కొంగ మెడ తీసేవాడు.
"చల్లారిందా, ఇంక ఆ వంపే దాని పుట్టుక.
సాపు చెయ్యాలంటే మళ్ళీ కాల్చాలి,
రెండోసారి సగం విరిగిపోతాయిరా" అనేవాడు.

ఈ పిల్లల మెడలు
ఏ నిప్పూ లేకుండానే వంగుతున్నాయి,
దుప్పటి కింద, చల్లటి వెలుతురులో.

ఇవాళ ఎలియాజరు గమాంగొ వచ్చాడు.
గుమ్మ కొండల మీది పిల్లాడు.
వాళ్ళమ్మ చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని
సంతకి దిగుతుంటే చూశాను నేను,
మెడ ఇంచీ వాలదు.
వీడి మెడ తిరగడం లేదు.
ఫోను తీసుకుని మిషను మీద పెట్టాను.
ముల్లు కదల్లేదు.

బోర్లా పడుకోబెట్టి
మెడ మీద వేడి సంచి ఆనించాను.
నాన్న గుర్తొచ్చి చెయ్యి కాస్త వణికింది.
"ఎంతసేపు?" అన్నాడు.
పది నిమిషాలు.
మూడో నిమిషానికి చెయ్యి జేబు తడిమింది.
అయిదో నిమిషానికి నిద్రపట్టింది.
నిద్రలోనూ వాడి బొటనవేలు
మంచం గుడ్డని పైకి తోస్తూనే ఉంది,
పైకి, పైకి,
అక్కడేం దొరుకుతుందో.

పాపం, లేపలేదు. గంట పడుకోనిచ్చాను.
వాడి ఫోను నా ప్యాంటు జేబులో
తూనీగలా కొట్టుకుంటూనే ఉంది ఆ గంటా.

సాయంత్రం వాడిదే వాడికిచ్చేసి
గదికి తాళం వేసి
మహేంద్రతనయ వంతెన దాకా నడిచాను.
నీళ్ళు తక్కువ. ఒడ్డున ఎవరో బట్టలుతుకుతున్నారు.
తొడ మీద గిర్రుమంది.
తడిమి చూసుకున్నాను.
జేబులో తాళంచెవి ఒక్కటే.

కాసేపాగి
మళ్ళీ గిర్రుమంది.