ఈ ఒక్క కేసుకే

పర్మిషన్ పిటిషన్ మీద జడ్జి గారు
చేత్తో రాసిన మాటలు ఇవే: ఈ ఒక్క కేసుకే.
కింద నా సంతకం. పూచీ నాది, గొంతు వాడిది.

తౌఫీక్‌కి ఇరవై రెండేళ్లు.
నల్లకోటు వాళ్ల భాయ్‌ది,
భుజాల దగ్గర ఇంకా ఆ భాయే ఉన్నాడు.
గౌను వేసుకోకూడదు, బ్యాండు కట్టకూడదు.
"మరి మెడ దగ్గర ఏం పెట్టుకోను మేడమ్?" అన్నాడు పొద్దున.
పై గుండీ పెట్టుకో చాలన్నాను.

నాంపల్లి, మూడో అంతస్తు.
లిఫ్టు ముందు పెద్ద వరస.
బాలమణి మెట్లే ఎక్కింది,
కొంగులో కుడిచెయ్యి దాచుకుని.

ఛత్తాబజార్‌లో పదకొండేళ్లు
నగరంలో సగం పెళ్లిళ్లను మడత పెట్టిన చెయ్యి అది.
కటింగ్ మిషన్ రెండు వేళ్లు తీసింది,
ఓనరు మిగతా మనిషిని తీసేశాడు:
ఈమెవరో మాకు తెలీదు, రిజిస్టర్‌లో పేరు లేదు.

నేను వెనక కుర్చీలో.
ఇరవై ఆరేళ్లుగా లేచి మాట్లాడ్డమే నేర్చిన ఒళ్లు ఇది;
కూర్చోవడం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు.
వాడు కంగారులో జడ్జి గారిని "మేడమ్" అన్నాడు.
బెంచ్ క్లర్కు నవ్వాడు.
అవతలి ప్లీడరు నవ్వలేదు, అది ఇంకా ఘోరం.

రాత్రంతా నూరిపోసిన ప్రశ్న ఒకటుంది.
వాడు దాన్ని దాటేశాడు.
కాగితం చింపి రాశాను:
"దసరా మామూలు ఎవరి చేత్తో ఇచ్చారో అడుగు."
రాసి, బల్ల కింద పట్టుకుని కూర్చున్నాను.
ఇస్తే గొంతు నాదైపోతుంది.
ఇవ్వకపోతే కేసు పోతుందేమో,
పోయేది నాదీ కాదు, వాడిదీ కాదు,
మూడు వేళ్ల మనిషిది.

అంతలో వాడే వెనక్కి చెయ్యి చాచాడు, తిరిగి చూడకుండా.
"మేడమ్, ఒక కాగితం."
ఇచ్చాను.
చదవలేదు.
బోను దగ్గరికి తీసుకెళ్లి బాలమణి చేతిలో పెట్టాడు:
"అమ్మా, కార్డు ఎట్ల మడుస్తవో సార్‌కు చూపియ్."

కొంగులోంచి చెయ్యి బయటికొచ్చింది.
ఒక మడత. బొటనవేలి గోరుతో ఒక గీత.
ఇంకో మడత. అంచు మీద అంచు కూర్చుంది.
టైపు చేసే అమ్మాయి వేళ్లు ఆగాయి.

"అబ్జెక్షన్ సార్, కాగితం ఎవరైనా మడుస్తారు."
నిజమే. నేనైనా అదే అందును.
"దీన్ని ఎట్లా రికార్డు చెయ్యమంటావు బాబూ?"
తౌఫీక్ దగ్గర జవాబు లేదు.
మా క్లినిక్ నోట్సులోనూ లేదు.

జడ్జి గారు కాగితం విప్పారు. చదివారు.
కళ్లద్దాల మీదుగా నా వైపు చూశారు.
నేను ఫ్యాను వైపు చూశాను.
మళ్లీ మడవబోతే ఆయనకి అంచులు కలవలేదు.
రెండుసార్లు ప్రయత్నించి, ఫైల్లో పెట్టి,
పద్నాలుగుకి వాయిదా వేశారు.

కింద టీ బండి దగ్గర తౌఫీక్‌ది ఏడుపు ముఖం.
"ఒక్క ప్రశ్న మర్చిపోయిన మేడమ్."
తెలుసన్నాను.
బాలమణి ఎడంచేత్తో గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ
"ఈ పిలగాడు పక్కా వకీలు ఎప్పుడైతడమ్మా?" అంది.
మేలో పరీక్షలు, ఆ పైన ఇంకో పరీక్ష,
ఏడాది పడుతుందన్నాను.
"అప్పటిదాంక నా కేసు ఉంటదా?"

తౌఫీక్ నా వైపు చూశాడు.
ఉంటుందని చెప్పే పని కూడా
వాడికే వదిలేశాను.