కిందింటి వాసన

పదకొండేళ్లు పోట్లాడాను ఆ వాసనతో.
తెల్లచొక్కాలు ఇస్త్రీ చేసేదాన్ని,
మేడమీద కిటికీ తెరిస్తే చాలు
కింద ఉషిజిమా కొట్లో మరిగే పందిఎముకల ఆవిరి
బడిపిల్లల కాలర్లలో దూరి కూర్చునేది.
మునిసిపాలిటీకి నాలుగు ఫిర్యాదులు రాశాను.
నాలుగోదానికి అతనే పైకొచ్చి, తలవంచి,
గుమ్మంలో ఒక సబ్బుపెట్టె పెట్టి పోయాడు.
వాడలేదు. పారేయనూ లేదు.

మొన్న మంగళవారం వాసన ఆగిపోయింది.

మూడు రాత్రులు నిద్రపట్టలేదు.
కుళాయి చుక్క, రైలుగేటు గంట,
చికుగో నది మీంచి ఒట్టి గాలి.
ఎవరింట్లోనో పడుకున్నట్టుంది.
గుండె ఆపరేషనట, కూరగాయల కొట్టావిడ చెప్పింది.
"మరి కుండ?" అన్నాను.
మనిషెలా ఉన్నాడని అడగాల్సిందని
మెట్లెక్కాక తట్టింది.

ఆ కుండ ఏనాడూ ఖాళీ అయింది కాదు.
అడుగున నిన్నటి పులుసు, అందులో ఇవాళ్టి ఎముకలు.
అతని తండ్రి పొయ్యి ముట్టించిన నాటి చుక్కొకటి
ఇంకా లోపల తిరుగుతోందని
కురుమేలో ముసలాళ్లు పందెం కాస్తారు.

శుక్రవారం తెల్లారకుండా ఎగుచి వచ్చాడు.
రైలుగేటు అవతలి కొట్టువాడు,
ఉషిజిమాతో ఇరవయ్యేళ్లుగా మాటల్లేనివాడు.
తోపుడుబండి మీద మూతకట్టిన డబ్బా.
మంగళవారం రాత్రి ఎవరూ పిలవకుండానే వచ్చి
కుండలోంచి తోడుకుపోయాడట,
తన పులుసులో కలపకుండా
విడిగా ఒక పొయ్యి కేటాయించి మరిగించాడట.
"తోడు" అన్నాడు కోడలితో. అంతే.
డబ్బా వంచి, బండి తిప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి నా కిటికీ అద్దం మసకేసింది.

దిగాను. పధ్నాలుగు మెట్లు.
గుమ్మానికి వేలాడే ఎర్రగుడ్డ చేత్తో ఎత్తాను.
"నూడుల్స్ గట్టిగానా, మెత్తగానా?" అంది కోడలు.
నాకేం తెలుసు?
పక్క స్టూలు మీది టైర్ల ఫ్యాక్టరీ కుర్రాడు
"బాగా గట్టిగా" అని నా తరఫున కేకేశాడు.

గిన్నె నిండా నా సబ్బునురగ రంగు.
పైన నల్లపుట్టగొడుగు తరుగు, ఎర్రల్లం,
చాప్‌స్టిక్ తగిలితే చాలు విడిపోయే మాంసం.
జుర్రడానికి సిగ్గుపడ్డాను.
కుర్రాడు జుర్రాడు. నేనూ జుర్రాను.
పెదాలు ఒకదానికొకటి అతుక్కున్నాయి.
వింతేమిటంటే, గిన్నె మీదికి వంగితే
వాసనే తెలియలేదు.

నూడుల్స్ అయిపోయి పులుసు మిగిలింది.
"ఇంకో చుట్ట వేయనా?"
వద్దని చెయ్యూపాను.
ఊపిన చేత్తోనే చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టాను.
అప్పుడడిగాను, మనిషెలా ఉన్నాడని.
"ఉప్పులేని గంజి పోస్తున్నారు,
నర్సుల్ని తిట్టిపోస్తున్నాడు."

రెండో చుట్ట పులుసులో పడి చిందింది.
నా తెల్ల చేతిఅంచు మీద
పెసరబద్దంత మరక.
చూశాను,
చూసి, చల్లారకముందే
మళ్లీ గిన్నెలోకి వంగాను.