ముప్పై ఒకటో సెకను

హైఫాంగ్ రేవు వెనక, ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద
రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా
నా కాపలాలో పద్నాలుగు వందల ఫోన్లు.

ఇనప అరల్లో వరసలుగా నిలబెట్టి ఉంటాయి,
వీపులు విప్పేసి, బ్యాటరీలు పీకేసి,
తీగ మీదే బతికే ఫోన్లు.
ఒకదాని వెనక ఎవరి పిల్లాడో అంటించిన
డైనోసార్ బొమ్మ ఇంకా ఊడలేదు.

అన్నీ పాటలు వింటుంటాయి.
చప్పుడు సున్నా.
గదిలో ఫ్యాన్ల హోరు తప్ప ఏదీ వినపడదు.

పాట మొదలవుతుంది, ముప్పై ఒక్క సెకన్లు నడుస్తుంది, తెగుతుంది.
ఇంకో పాట.
ముప్పై దాటితేనే లెక్కలోకి వస్తుందట.
ఆ ఒక్క సెకనూ కొసరు, అంటాడు క్వెట్ అన్న,
కూరలామె చివర్న సంచీలో పడేసే ఉల్లికాడ.

నా పని చిన్నది.
వేడెక్కినవాటిని చల్లార్చాలి, నిద్రపోయినవాటిని లేపాలి.
"మీరు మనిషేనా?" అని ఏదైనా అడిగితే
ట్రాఫిక్ లైట్లున్న గళ్ళు ఏరి నొక్కి
అవునని చెప్పాలి.
రాత్రికి రెండొందల సార్లు నేను మనిషినని రుజువు చేస్తాను
మనిషి కానివాటి తరఫున.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఊదినవాడిని నవ్వుతారు.
ఇక్కడ చెవిటివాడికే కూలి.
ఎవరు కడతారో నాకు తెలీదు.
ఊదినవాడికైనా తెలుసో లేదో.

మొన్న గురువారం ఏదో అప్‌డేట్ పడి
తొమ్మిదో అర, నాలుగో వరసలో ఒక ఫోనుకి గొంతొచ్చింది.
వెనక ఎవరో ఉన్నారనుకుని స్క్రూడ్రైవర్ పట్టుకుని లేచాను.

ముందు కుర్చీ కిర్రుమంది.
ఎవరో ముక్కు ఎగబీల్చారు.
తర్వాత తీగలు. శ్రుతి కాస్త దిగి ఉంది,
దిగి ఉండటమే బాగుంది.
వాయించేవాడికి తొందర లేదు.
ఒక మెట్టు ఎక్కి, ఆగి, మళ్ళీ అదే మెట్టు.
ఇక పాడతాడు, గాలి పీల్చుకోవడం వినిపించింది,

తెగింది.

ఆ పాట వంతు మళ్ళీ వచ్చేదాకా కాచుకున్నాను.
కుర్చీ, ముక్కు, తీగలు, మెట్టు, ఊపిరి.
తెగింది.
తెల్లారేలోపు పదకొండు సార్లు.
ఆ కుర్చీకి ఏ కాలు పొట్టిదో చెప్పగలను.

ఆపకుండా వదిలేయొచ్చుగా, అంది పగటి షిఫ్టు న్యాన్.
ఒక్కటి ఆగితే వరసంతా పడిపోతుంది,
ఆ రోజు కూలి కోత. దానికీ తెలుసు.

పాటగాడి పేరు అట్టముక్క మీద దించుకున్నాను.
ఏ దేశమో. అక్షరాల నెత్తిన టోపీలూ చుక్కలూ,
మా అక్షరాలకున్నట్టే.
దూరపు చుట్టాల్లా ఉన్నాయి.

ఆదివారం. సొంత ఫోను, నా డబ్బుతో వేయించుకున్న డేటా.
తామ్ బాక్ గట్టున పీతల నూడుల్స్ బండి దగ్గర కూర్చుని
ఒక్కో టోపీ చూసుకుంటూ కొట్టాను.

పేరుంది. బొమ్మ ఉంది, పడవ తెడ్డు.
పాట బూడిదరంగులో ఉంది.
నొక్కితే పలకదు.
కింద ఉన్న ముక్కని మా భాషలోకి మార్పిస్తే
"కృత్రిమ శ్రోతలను గుర్తించినందున తొలగించడమైనది."

నూడుల్స్ ఉబ్బిపోయాయి.
నలభై వేల సార్లు విన్నాం ఆ పాటని.
ముప్పై రెండో సెకనులో ఏముందో
మాలో ఒక్కరికీ తెలీదు.
అతనికి తెలుసు. అతనికి ఏ ఉత్తరం వెళ్ళిందో,
ఎవరి మీద మండిపడ్డాడో.

ఏం పాటమ్మా అది, అంది బండి ఆమె.
కూనిరాగం తీస్తున్నానట.
మొదటి నుంచీ పాడాను, ముక్కు ఎగబీల్చడం సహా.
గరిట పట్టుకుని వింది.
"తర్వాత?"

పదింటికి షిఫ్టు. తొమ్మిదో అరకి కొత్త పాట వచ్చింది.
డైనోసార్ ఫోను అడిగింది, మీరు మనిషేనా?
మెట్లున్న గళ్ళన్నీ నొక్కమంది.
ఒకటి నొక్కి, ఆగి,
మళ్ళీ అదే నొక్కాను.

తప్పు, అంది.
మళ్ళీ ప్రయత్నించండి.